అమతుంగులు: నేటాలు తీరంలో మన కలివి

(ఉగాది సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మాకు ఇచ్చిన సమయం ఇరవై నిముషాలు. విషయము "తెలుగు భాషాభివృద్ధి" అని కార్యక్రమ పత్రంలో అచ్చయినది. ఆ విషయం మీద ఈ వేదిక నుండి చాలామంది చాలాసార్లు మాట్లాడినారు. మేమూ మాట్లాడినాము. వినీ వినీ మీకు విసుగు పుట్టి ఉంటుంది. కనుక ఈసారి కార్యదర్శిగారి అనుమతితో ఒక పొదను గురించి మాట్లాడుతాము. ఆ పొద మీరు గేటు దాటి లోపలికి వచ్చేటప్పుడు కుడిచేతి వైపున ఉన్నది. ఎవరిదైనా చీర చెంగు పట్టుకొని లాగి కూడా ఉంటుంది.

ఇక్కడ అందరమూ దానిని అమతుంగులు అంటాము. ఇంగ్లీషువారు నేటాల్ ప్లమ్ అని పేరు పెట్టినారు గాని ప్లమ్ పండుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఆఫ్రికాన్స్‌లో నూమ్-నూమ్ అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కరిస్సా మాక్రోకార్పా. మాక్రోకార్పా అంటే పెద్ద కాయ గలది అని అర్థము. పాత పుస్తకాలలో గ్రాండిఫ్లోరా అని కూడా ఉంటుంది, అంటే పెద్ద పువ్వు గలది అని. పువ్వును చూసి పేరు పెట్టినవారు ఒకరు, కాయను చూసి పెట్టినవారు మరొకరు. ఇద్దరూ నిజమే చెప్పినారు.

జూలూ పేరులో మా తరగతి పిల్లలకు ఒక తమాషా దొరికినది. "లు" చేరిస్తే బహువచనం అని మేము బోర్డు మీద వ్రాసినాము. చెట్టు, చెట్లు; కాయ, కాయలు. వెంటనే ఒక పిల్లవాడు లేచి, "అయితే ఒకటి ఉంటే అమతుంగు, రెండు ఉంటే అమతుంగులు" అన్నాడు. తరగతంతా నవ్వినది. కాని వాడు తెలుగు సూత్రం బాగా పట్టుకున్నాడు గదా! జూలూ భాషలో బహువచనం మాటకు వెనుక రాదు, ముందు వస్తుంది. పొద పేరు ఉంతుంగులు, దాని కాయలు అమతుంగులు. ఆ "అమ" అన్నదే అనేకమని చెప్పే ముక్క. మన "లు" తోక, వారి "అమ" తల. వ్యాకరణం మీద మేము ఇచ్చిన పాఠాలన్నిటిలోను పిల్లలు మరచిపోనిది ఇదొక్కటే అనిపిస్తుంది.

ఇక పొద సంగతి. వదిలిపెడితే ఇది పన్నెండు అడుగుల దాకా పోతుంది. కత్తిరిస్తూ ఉంటే నడుము ఎత్తున గోడ లాగా నిలుస్తుంది. ఆకులు ఎదురెదురుగా, దళసరిగా, నూనె రాసినట్లు నిగనిగలాడుతూ ఉంటాయి. ముళ్ళు మాత్రం మామూలు ముళ్ళు కావు. ఒక్కొక్క ముల్లు పంగలకర్ర వలె రెండుగా చీలి ఉంటుంది. చాలాచోట్ల ఆ రెండు కొనలూ మళ్ళీ రెండేసిగా చీలుతాయి. ఆ ముళ్ళ మధ్య తెల్లని పువ్వు. అయిదు రేకులు, నక్షత్రం వలె విచ్చుకొని ఉంటుంది. మొగ్గ దశలో రేకులు ఒకదాని మీద ఒకటి మెలిపడి ఉంటాయి. వాసన మల్లెకూ నారింజ పువ్వుకూ నడుమ ఉంటుంది. చీకటి పడిన తరువాత ఆ వాసన ఇంకా ఎక్కువ, ఎందుకంటే రాత్రిపూట తిరిగే పెద్ద రెక్కల పురుగులు వచ్చి దీని పుప్పొడిని చేరవేస్తాయి. సాయంకాలం తరగతి ముగించి తలుపు తాళం వేసేటప్పుడు, సెప్టెంబరు నుండి డిసెంబరు దాకా, ఆ వాసన గేటు దగ్గర నిలబడి ఉంటుంది. కాయ పండితే ముదురు ఎరుపు. కోడిగుడ్డు కంటె కొంచెం చిన్నది. ఒకే కొమ్మ మీద పువ్వు, పిందె, పండు కలిసి ఉండడము కూడా సామాన్యమే.

ఇది తోటమాలి తెచ్చిన మొక్క అని మన పిల్లలు అనుకుంటారు. డర్బనులో బండ్లు నిలిపే చోట్ల, బ్యాంకుల ముందు, రోడ్ల నడుమ దీనిని పొట్టిగా పెంచుతారు గనుక అలా తోచడం సహజమే. అసలు దాని ఇల్లు సముద్రతీరపు అడవి. కేప్ తూర్పు తీరం నుండి నేటాలు మీదుగా మొజాంబిక్, ఆపైన తూర్పు ఆఫ్రికా వరకు ఇసుక దిబ్బల మీద, అడవి అంచుల వెంట దానంతటది పెరుగుతుంది. ఉమ్లాంగా దగ్గర దిబ్బల మీద ఇప్పటికీ కొంత అడవి మిగిలి ఉన్నది. ఆదివారం పిల్లలను సముద్రానికి తీసుకొని పోయేవారు ఐస్‌క్రీము బండి దగ్గరే ఆగిపోకుండా ఒక్కసారి అటు చూడండి. సముద్రం వైపున పొదలు మోకాలెత్తు, వాటి వెనుక నడుమెత్తు, వాటి వెనుక మనిషెత్తు, ఆ వెనుక చెట్లు. ఎవరో పెద్ద కొడవలి పట్టుకొని ఏటవాలుగా కోసినట్లు ఉంటుంది. కోసేది ఉప్పు గాలి. ఆ గాలిని మొదట ఎదుర్కొనే వరుసలలో అమతుంగులు ఒకటి. అది నిలబడడం వల్లనే దాని వెనుక చెట్టు పెరుగుతుంది.

ఆ అడవిలోకి నాలుగడుగులు వేస్తే మనకు చుట్టాలు చాలామంది కనబడతారు. ఇక్కడి వారు రెడ్ మిల్క్‌వుడ్ అనే చెట్టు మన పొగడకు దాయాది. ఉండోని చెట్టు మన నేరేడుకు దాయాది. పండు తిన్నవారికి నోరే చెబుతుంది. వాగుల పక్కన గుంపుగా నిలిచే చిన్న ఖర్జూరపు చెట్టు మన ఈతకు దాయాది. ఇవి ఎవరూ ఓడలో తెచ్చినవి కావు. మన పెద్దలు రాకముందు నుండి ఇక్కడివే.

అందరికంటె దగ్గరి చుట్టము అమతుంగులు. మన దేశంలో వాక్కాయ అనీ, కలివి అనీ, కలేకాయ అనీ ఒక్కొక్క సీమలో ఒక్కొక్క పేరుతో పిలిచే ముళ్ళపొదలు ఉన్నాయి. సంస్కృతంలో కరమర్దకము అన్నారు. ఆ వాక్కాయ శాస్త్రనామం కరిస్సా కరాండస్. మన దేశంలో పిలిచే కరండ అనే మాటే అందులో ఉన్నది. కరిస్సా అనేది ఇంటిపేరు అనుకుంటే, వాక్కాయా అమతుంగులూ ఒకే ఇంటివి. వాక్కాయ పువ్వు చిన్నది, గుత్తులుగా పూస్తుంది. కాయ చిన్నది, పచ్చిగా ఉన్నప్పుడు తెలుపు మీద గులాబి రంగు, పండితే నలుపు. పులుపు మాత్రం ఘనము. అమతుంగుల పువ్వు పెద్దది, కాయ పెద్దది, తీపి కలిసినది. ఆకు తుంచితే రెండింటికీ పాలు కారుతాయి. గన్నేరు, నందివర్ధనం, దేవగన్నేరు కూడా ఈ పెద్ద కుటుంబంలోనివే. అందుచేత పిల్లలకు ఒక మాట: పూర్తిగా పండి మెత్తబడిన ఎర్రని పండు తప్ప ఈ పొదలో మరి ఏదీ నోట పెట్టుకోరాదు. గన్నేరు సంగతి మీ అవ్వలు చెప్పే ఉంటారు.

ఈ ఇంటిలోనే ఇంకొక చిన్న కలివి ఉన్నది. దానిని ఆఫ్రికాలో ఒక పేరుతో, మన దేశంలో ఒక పేరుతో ఎంతోకాలం వేరు వేరుగా లెక్కపెట్టినారు. ఇప్పుడు చాలామంది శాస్త్రజ్ఞులు రెండూ ఒకటేనని కరిస్సా స్పైనారమ్ అనే పేరు కింద చేర్చినారు. అది ఆఫ్రికాలోను ఉన్నది, ఆంధ్ర కొండలలోను ఉన్నది, ఆస్ట్రేలియాలోను ఉన్నది. దానికి గిర్మిట్ కాగితం మీద వేలిముద్ర ఎవరు వేయించినారో మరి!

గిర్మిట్ అన్నాము గనుక ఆ కథ కొంచెం చెప్పుకోవాలి. 1860వ సంవత్సరం నవంబరు 16వ తేదీన ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి డర్బను రేవుకు వచ్చినది. అది మొదలు 1911 దాకా 1,52,184 మంది ఒప్పంద కూలీలు నేటాలుకు వచ్చినారని లెక్క. అందులో ఎక్కువమంది మద్రాసులో ఓడ ఎక్కినవారు, తమిళులు, మనవారు. అయిదేళ్ళ ఒప్పందము. మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, తరువాత ఏడాదికొక షిల్లింగు చొప్పున పెంపు. ఈ లెక్కలు మీరు ఇతర ఉపన్యాసాలలో విన్నవే. చెరకు నాటడానికి ముందు ఏమి చేయవలసి వచ్చినదో మాత్రం తక్కువగా వింటాము. చెరకు ఖాళీ నేల మీద రాలేదు. టోంగాట్, వెరూలం, ఇటు దక్షిణాన ఉమ్‌జింటో, ఆ తీరమంతా పొద, అడవి. ఆ పొదను కొట్టి, వేళ్ళు తవ్వి, కాల్చి, ఆ తరువాత చెరకు. కొట్టిన చేతులు మనవాళ్ళవి.

మా తాత ఒప్పందం మీద వచ్చి మొదటి ఏడంతా పొదలు నరికే పనిలోనే ఉన్నాడని మా నాయన చెప్పేవాడు. ఆ పొదలలో ఒకటి తాతకు తెలిసినట్లే కనిపించినది. ముల్లు తెలిసినదే, పాలు తెలిసినవే, పువ్వు తెలిసినదే, కాని కొలత తప్పు. "కలివే, కాని ఎవరో బాగా తిండి పెట్టి పెంచినారు" అన్నాడట. ఆ మాట మా ఇంట్లో నిలిచిపోయినది. కొత్తగా పెళ్ళయిన పిల్ల లావెక్కితే మా ఇంట్లో "నేటాలు కలివి" అనేవారు. ఇప్పుడు అంటే కోడళ్ళు ఊరుకోరు.

ఒప్పందం తీరినవారిలో చాలామంది కౌలుకు నేల తీసుకొని కూరగాయలు పండించినారు. 1895లో వచ్చిన చట్టం వారి మీద ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేసినది. 1913 సమ్మె తరువాత, 1914లో అది రద్దయినది. అంత పన్ను కట్టేవాడు తీగ కంచె ఎక్కడ కొంటాడు? నరికి పారేసిన పొదనే తెచ్చి తోట చుట్టూ నాటినారు. మేక రాదు, ఎద్దు రాదు, మనిషి కూడా ఆలోచించి వస్తాడు. పైగా పండు. కొడవలితో ఏ పొదను తీసివేసినారో ఆ పొదనే గడ్డపారతో తిరిగి నాటుకున్నారు. ఒకటి దొరగారి పని, రెండవది సొంత పని.

మా అవ్వ వంటలో ఈ పండు ఎలా దిగినదో చెప్పకపోతే ఈ ప్రసంగం ఆడవారు క్షమించరు. వాక్కాయ పప్పు మన దేశంలో పేరుమోసిన వంట. ఇక్కడ వాక్కాయ లేదు. అవ్వ అమతుంగులు పండ్లను కోసి, చిన్నచిన్న గింజలు సందు చేసుకొని తీసి, కందిపప్పులో వేసేది. పప్పు కొంచెం ఎరుపెక్కేది. పులుపు చాలదని కొంచెం చింతపండు. పచ్చడికైతే ఆవాలు, ఎండుమిరపకాయలు, ఇంగువ. చేతికి ముందుగా నూనె రాసుకునేది, పాలు అంటుకుంటే వదలవు గనుక. ఉడికేటప్పుడు ఆ పాలు గిన్నె చుట్టూ తెల్లగా గార కడతాయి; తోమితే పోదు, నూనె గుడ్డతో రుద్దితే పోతుంది. అల్యూమినియం గిన్నెలో మాత్రం వండకూడదు. ఇంగ్లీషు దొరసానులు దీనితో జాము, జెల్లీ చేసేవారు. వారి ఇళ్ళలో పనిచేసిన మనవారు ఆ విద్య నేర్చుకొని వచ్చినారు. అందుచేత మన ఇళ్ళలో ఒకే పండు జాడీలో పచ్చడిగాను, సీసాలో జాముగాను ఉండేది. పండులో విటమిన్ సి బాగా ఉన్నదని ఆ తరువాత తెలిసినది. అవ్వకు ఆ సంగతి అక్కరలేదు.

ఇంకొకటి. ఈ రోజు మీరందరూ తిన్న ఉగాది పచ్చడి. మన దేశంలో ఉగాది నాటికి వసంతం, మామిడి పిందెలు. ఇక్కడ మార్చి, ఏప్రిల్ అంటే వేసవి పోయి ఆకురాలు కాలం వస్తున్నది. మామిడి కాలం అయిపోవస్తుంది. పంచాంగం ఒకటి చెబుతుంది, చెట్టు ఒకటి చెబుతుంది. పచ్చిమామిడి దొరకని ఏడు మా అవ్వ పచ్చడిలో అమతుంగులు ముక్కలు వేసేది. ఉగాదికి ఆ పొద నిండా పండే. శాస్త్రం ఒప్పుకుంటుందా అని ఎవరో అడిగితే, "మనల్ని ఓడ ఎక్కించినప్పుడు శాస్త్రాన్ని ఎవరు అడిగినారు?" అన్నదట. ఈ ఉదయం మన వంటశాలలో అక్కలు చేసిన పచ్చడిలో ఎర్రని ముక్క తగిలినవారికి ఇప్పుడు సంగతి అర్థమై ఉంటుంది. సీతాఫలమా, టొమాటోనా అని ఇందాక మా పక్కన ఇద్దరు వాదించుకున్నారు.

తరువాత 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చినది. 1960లలో ఒక్కొక్క వాడే ఖాళీ అయినది. మనవారు చాలామంది చాట్స్‌వర్త్‌కు, ఆ తరువాతి కాలంలో ఫీనిక్స్‌కు చేరినారు. ఇళ్ళు పోయినాయి, తోటలు పోయినాయి, కంచెలు ఉన్నచోటనే నిలబడిపోయినాయి. లారీలో మంచం, బీరువా, దేవుని పటాలు ఎక్కించిన తరువాత మా నాయన మళ్ళీ వెనక్కి పోయి నాలుగు కొమ్మలు నరికి, తడి గోనె చుట్టి, నూనె డబ్బాలో పెట్టుకొని వచ్చినాడు. మేము అప్పుడు బొత్తిగా చిన్నవాళ్ళము. కొత్త ఇంటి ముందు నేల ఎర్రగా, గట్టిగా ఉండేది. నాలుగింటిలో ఒకటి బ్రతికినది.

అటువంటి డబ్బాలు ఒక్క మా ఇంట్లోనే ఉన్నాయనుకోవద్దు. ఈ మందిరం కట్టినప్పుడు, అంటే 1970లలో, ప్రహరీకి డబ్బు మిగలలేదు. తలా ఒక మొక్క తెమ్మని పెద్దలు అడిగినారు. ఎవరి ఇంటి ముందు బ్రతికినది వారు తెచ్చినారు. గేటు పక్కది ఒక ఎస్టేటు బారకాసుల నుండి, మూలది నది ఒడ్డున ఉన్న కూరగాయల తోట నుండి, నీళ్ళ ట్యాంకు దగ్గరివి డర్బను నడిబొడ్డున ఖాళీ చేయించిన ఒక వాడ నుండి. ఈ వివరాలు చెప్పగలవారు నాటినవారిలో ఇంకా ముగ్గురు ఉన్నారు. ఇద్దరు ఈ రోజు ముందు వరుసలో కూర్చుని ఉన్నారు. మా తరగతి పిల్లలు పోయిన ఏడు వారి దగ్గర కూర్చుని, ఏ పొద ఏ ఊరిదో తెలుగులో వ్రాసి, కంచె పటం ఒకటి గీసినారు. తప్పులతోనే వ్రాసినారు, తప్పులను దిద్ది, పటాన్ని గోడకు తగిలించినాము. భోజనాలప్పుడు చూడండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం రాబోతున్నది. కంచె తీసివేసి, ఆ స్థానంలో కాంక్రీటు గోడ కట్టాలని. తీర్మానం తెచ్చినవారు మనవారే, మందిరం మేలు కోరేవారే. వారి మాటలో నిజం లేకపోలేదు. రెండుసార్లు దొంగలు పడినారు. కత్తిరించేవాడికి కూలి ఇవ్వాలి. కోతులు పండ్లకోసం వచ్చి, పనిలోపనిగా వంటింట్లో కూడా చేయి పెడతాయి. కత్తిరించిన ముళ్ళను చెత్త బండివాడు తీసుకోడు. ఇవన్నీ మేమూ చూస్తున్నవే.

అయినా ఆ తీర్మానానికి మేము వ్యతిరేకము. దొంగలు రెండుసార్లూ వచ్చినది కంచె గుండా కాదు, వెనుక కంచె లేని చోట, గోడ దూకి. ముళ్ళకంచె దాటినవాడు ఒక్కడు కూడా లేడు. భయం ఉన్నవారి తృప్తి కోసం కంచెకు లోపలి వైపున ఇనుప జాలి వేయవచ్చు. రెండు మూడేళ్ళలో పొద దానిని కప్పుకుంటుంది. ఖర్చు గోడ ఖర్చు కంటె చాలా తక్కువ అని లెక్క వేసి కోశాధికారిగారికి ఇచ్చినాము. ఆయన కళ్ళజోడు తీసి రెండుసార్లు చూసినారు, కాదనలేదు.

ఇంకొందరు రాజీకి వచ్చి, కాసే వైపు ఉంచుదాము, కాయని వైపు తీసేద్దాము అంటున్నారు. వినడానికి బాగానే ఉన్నది. కాని ఈ పొదలో ఒక మర్మం ఉన్నది. అన్ని పొదలూ పూస్తాయి, అన్నీ కాయవు. ఒకే తీరుగా కనిపించినా పువ్వులు రెండు రకాలు, వేరు వేరు పొదల మీద. ఒక రకంలో పుప్పొడి బాగా ఉంటుంది. రెండవ రకంలో ఉండదు, కాని కాచేది అదే. కాయని వైపును పెరికివేస్తే కాసే వైపున కూడా పండు ఉండదు. ఈ పొదను అమెరికాకు తీసుకొని పోయినవారికి కూడా పండు దగ్గర చిక్కే వచ్చినది. 1903లో డేవిడ్ ఫెయిర్‌చైల్డ్ అనే ఆయన మన డర్బను బొటానిక్ గార్డెన్ నుండి విత్తనాలు పట్టుకొని పోయినాడు. ఫ్లోరిడాలో మొక్క బ్రహ్మాండంగా పెరిగినది, పూసినది. కాపు మాత్రం చాలాచోట్ల అంతంతమాత్రమే. పుప్పొడి సరిగా చేరకపోవడమే కారణమని అక్కడివారు అనుకున్నారు. మన ఇంటి ముందు రాత్రిపూట తిరిగే పురుగులు విత్తనంతో పాటు ఓడ ఎక్కవు గదా.

తరగతికి దీనికీ ఏమి సంబంధము అని అడిగేవారు ఉన్నారు. 1996 నాటి మన దేశ రాజ్యాంగంలో, గౌరవించి పెంపొందించవలసిన భాషలలో తెలుగు పేరు కూడా వ్రాసి ఉన్నది. ఆంధ్ర మహాసభ 1931లో స్థాపించిననాటి నుండి ఎందరో పెద్దలు పడిన పాటు దాని వెనుక ఉన్నది. మంచిదే. కాని సాయంకాలం ఆరు గంటలకు పదకొండుమంది పిల్లలు బెంచీల మీద కూర్చుని, బడి చదువు, ట్యూషను అయి అలసిపోయి, మన వైపు చూస్తారు. వాచకంలో మోదుగ పువ్వు ఉన్నది. వారు చూడలేదు, మేమూ చూడలేదు. సంపెంగ అంటే ఏమిటి సార్ అని అడుగుతారు. బొమ్మ చూపిస్తాము. బొమ్మకు వాసన లేదు. అదే కంచె దగ్గరికి తీసుకొనిపోతే ముల్లు, పాలు, మొగ్గ, రేకు, పిందె, దోర, పండు, గింజ, గుచ్చుకున్నది, చీరుకున్నది, మంట, నూనె రాయండి, ఈ మాటలన్నీ అరగంటలో వచ్చినాయి. "గుచ్చుకున్నది" అనే క్రియను ఎవరికీ రెండవసారి చెప్పవలసిన పని లేకపోయినది.

పేరు విషయంలో మాలో ఒక వాదం జరిగినది, అది కూడా సభ ముందు ఉంచుతాము. ఒక పెద్దమనిషి, వాక్కాయ వేరు, ఇది వేరు, దీనికి మన పేరు పెట్టడం తప్పు అన్నారు. మరొకరు శ్వేతనక్షత్రపుష్పి అని కొత్త పేరు కట్టుకొని వచ్చినారు. పిల్లలు పలకలేక నాలుక కరుచుకున్నారు. మా అభిప్రాయం ఇది. ఈ నేలకు చెందిన పేరు అమతుంగులు. ఈ పొద జూలూ మాటతో ఎంతకాలం బ్రతికినదో మనకంటె వారికి తెలుసు. ఆ పేరును తీసివేసే హక్కు మనకు లేదు. మా తాత పెట్టుకున్న పేరు కలివి. బంధుత్వం చూసి పెట్టినాడు, చదువు లేకుండానే సరిగా పెట్టినాడు. రెండు పేర్లూ పిల్లలకు రావాలి. పెదనాన్న కొడుకును అన్న అని పిలిస్తే సొంత అన్న కాడని ఎవరైనా తగవు పెట్టుకుంటారా?

మా మనవి ఒకటే. తీర్మానం మీద చేయి ఎత్తే ముందు ఒక్కసారి కంచె చుట్టూ నడవండి. పటం చూసుకొని, మీ ఇంటివారు తెచ్చిన పొద ఏదో వెదకండి. గోడే కావాలని అప్పటికీ తోస్తే అలాగే చేయి ఎత్తండి. మెజారిటీ మాటకు కట్టుబడతాము.

ఆ ఓటు ఎలా పోయినా మా పని మేము మొదలు పెట్టినాము. ఈ పొద విత్తనం నుండి వస్తుంది గాని మొదట చాలా నెమ్మదిగా పెరుగుతుంది. కొమ్మ అయితే త్వరగా కాపుకు వస్తుంది. లేత కొమ్మను పొద మీదనే సగం దాకా కోసి, అలాగే రెండు నెలలు వదిలి, తరువాత విరిచి ఇసుకలో పెడితే నెలరోజులకు వేరు పోస్తుంది. పోయిన నెలలోనే, పటంలో గుర్తు పెట్టిన ప్రతి పొద మీద రెండేసి కొమ్మలకు గంటు పెట్టి ఎర్ర దారం కట్టినాము. ఆ దారాలు ఎవరూ విప్పవద్దు. రాబోయే నెల చివరి శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు కొమ్మలు తీస్తాము. ఇంటికి ఒకటి ఇస్తాము, కాసే రకం ఏదో పూసే రకం ఏదో చీటీ కట్టి ఇస్తాము. పక్కింటివారు రెండవ రకం తీసుకుంటే ఇద్దరికీ పండ్లు. డబ్బా మీరే తెచ్చుకోండి, అడుగున చిల్లు పెట్టి. చేతి తొడుగులు కూడా. పొడవు చేతుల చొక్కా అయితే మరీ మంచిది.